కుంచెడు తవుడుకి కొన్న పిల్ల

రోజారమణికి ఎన్నేళ్లని అడిగితే ఆ పెరట్లో ముగ్గురు మూడు రకాలుగా చెబుతారు. తండ్రి తిరుపతిరావు పన్నెండు నిండిపోయాయంటాడు. గోడ అవతలి కృష్ణవేణమ్మ పదకొండు దాటితే తన చెవి కోయించుకుంటానంటుంది. తల్లి గౌరీశ్వరి మాత్రం, "గాలివాన ఏడు, నూర్పులప్పుడు పుట్టింది" అని ఊరుకుంటుంది.

ఏ గాలివాన? అక్కడే ముడి పడింది. ఫైలిన్ వచ్చిన సరిగ్గా ఏడాదికి, అదే అక్టోబరు పన్నెండున, హుద్‌హుద్ వచ్చింది. రెండుసార్లూ ఇంటి మీది రేకులు లేచిపోయాయి. రెండుసార్లూ తిరుపతిరావు విశాఖపట్నంలో తాపీ పనిలో ఉన్నాడు. రెండుసార్లూ గౌరీశ్వరి వానలో తడుస్తూ కృష్ణవేణమ్మ ఇంటికి పరుగెత్తింది. ఒకసారి కడుపుతో పరుగెత్తింది. ఒకసారి చంకలో పసిబిడ్డతో పరుగెత్తింది. ఏది ముందో, ఏది వెనకో ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు. ఆమె తేల్చుకోనూ లేదు. ఒడిశాలో రామనగుడ దగ్గర నాలుగు మళ్లు దున్నుకు బతికేవాళ్లకి పిల్ల వయసు అంత పట్టి చూసుకునే అవసరం ఎప్పుడొస్తుంది?

వచ్చింది. రామ్‌ప్రసాద్ వరికుప్ప కాలిపోయిన రోజున వచ్చింది.

మూడెకరాల పంట కోసి, కళ్లంలో కుప్ప వేసుకున్నాడు రామ్‌ప్రసాద్. మర్నాడు నూర్పు. బడి నుంచి వస్తూ రోజారమణి గట్టు మీది కందికాయలు ఒడినిండా కోసుకుంది. కుప్ప పక్కనే చారెడు గడ్డి పోగేసి, కాయలు కాల్చుకోవడానికి కూర్చుంది. ఊరు పొగ చూసి పరుగెత్తుకొచ్చేసరికి కుప్ప నడుము దాకా దిగిపోయింది. పిల్ల మాత్రం కాస్త దూరంలో గొంతుకూర్చుని కందిగింజలు ఒలుచుకు తింటోంది.

"ఎవులు ముట్టించేర్రా?" అని రామ్‌ప్రసాద్ గుండెలు బాదుకున్నాడు.

"నానే, మావా" అంది పిల్ల.

ఇంకెవరైనా అయితే నేను కాదనేవాళ్లే. పంట నష్టం రాయించుకోవాలంటే పోలీసు కాగితం కావాలని ఎవరో చెబితే రామ్‌ప్రసాద్ వెళ్లి రాయించాడు. కారణం అన్నచోట రోజారమణి పేరు రాయించాడు. దాంతో పిల్లని తీసుకుపోతారని అతనికి తెలియదు. మర్నాడు మామూలు బట్టల్లో ఇద్దరు పోలీసులు వచ్చి, పిల్లకి బిస్కట్ల పొట్లం చేతికిచ్చి, రాయగడలో పిల్లల బోర్డు ముందుకు తీసుకెళ్లారు. ఆ వారం రాయగడలో ఆడపిల్లలకి చోటు లేదని కోరాపుట్‌లో ఒక హోమ్‌కి పంపారు. శుక్రవారం మళ్లీ తెస్తామన్నారు. ఆ శుక్రవారం పిల్ల ఇంటికొస్తుందా, మళ్లీ కోరాపుట్ బండెక్కుతుందా అన్నది తప్ప గౌరీశ్వరికి ఇంకో ఆలోచన లేదు. అన్నం వండుతోంది, వార్చడం మరిచిపోతోంది.

బోర్డులో పిల్లల తరఫున మాట్లాడే వకీలు పేరు స్మిత. రాయగడ మునిసిపాలిటీలో కుళాయిలకి నీళ్లు వదిలే మనిషి కూతురు. తెలుగే మాట్లాడుతుంది గాని మధ్యలో ఒడియా, ఇంగ్లీషు దొర్లుతుంటాయి. గురువారం ఆమె దగ్గరికి ముగ్గురూ వెళ్లారు.

"చూడండమ్మా" అంది స్మిత. "ఏడేళ్లలోపు పిల్ల ఊరు తగలబెట్టినా చట్టంలో నేరం కాదు. ఏడు దాటి పన్నెండు లోపైతే, చేసిన పని ఎలాంటిదో దానికి తెలిసిందా లేదా అని చూస్తారు. తెలియదనుకుంటే కేసే ఉండదు. పన్నెండు దాటిందా, కేసు నడుస్తుంది. జైలు కాదు, పెద్దల కోర్టు కాదు, అయినా కేసు కేసే. హోమ్‌లో ఉంచాలనుకుంటే ఉంచొచ్చు."

"పన్నెండు కాడే గీతెందుకమ్మా?" అన్నాడు తిరుపతిరావు. "పదమూడు రాగానే పిల్లకి కొమ్ములొచ్చేత్తాయేటి?"

"దాన్ని పద్నాలుగు చెయ్యమని మాలాంటివాళ్లం అడుగుతూనే ఉన్నాం, అన్నా. ఇంకొందరేమో పిల్లలు ముదిరిపోయారు, కిందికి దించమంటున్నారు."

తిరుపతిరావుకి అది వెంటనే బుర్రకెక్కింది. "అంటే గట్టు తగువు. రామ్‌ప్రసాద్ ఏటా జానెడు నా మడిలోకి జరుపుతాడు, నాను మళ్లీ ఆడి మడిలోకి తోస్తాను. సరే, మీ గట్టు పద్నాలుగుకి జరిగేదాకా మా కేసు ఆపుతారేటి?"

స్మిత నవ్వు ఆపుకోలేకపోయింది. ఆపుకున్నాక, "పుట్టినతేదీ కాగితం ఉందా?" అంది.

బడి కాగితం తీశాడు. రెండువేల పదమూడు, జూన్ పది. తల్లి గౌరీశ్వరి, తండ్రి తిరుపతిరావు. అంటే పన్నెండున్నర.

"జూన్‌లో పుట్టిందా? నూర్పులప్పుడన్నారు కదా?"

"ఆరేళ్లు నిండితేనే ఒకటో క్లాసన్నారమ్మా. మాస్టారే లెక్క కట్టి ఏసుకున్నారు."

"చంపారు. బోర్డు ముందుగా చూసేది బడి కాగితమే. ఇంకేమీ లేదా?"

గౌరీశ్వరి నేల చూసింది. కృష్ణవేణమ్మ చీరకొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం బయటికి తీసింది. ట్రంకుపెట్టె అడుగున పాతచీరల వాసన పట్టిపోయి ఉంది. స్మిత విప్పి చదివింది. తిప్పి చూసింది. మళ్లీ చదివింది.

"డిసెంబరు పదిహేను, రెండువేల పద్నాలుగు. బాగుంది. పదకొండు! కానీ... తల్లి పేరు కృష్ణవేణమ్మ అనుంది."

"నానే" అంది కృష్ణవేణమ్మ.

ఇక చెప్పక తప్పలేదు. గౌరీశ్వరికి మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది. రెండోవాడు ఎనిమిది తొమ్మిది నెలలు బతికి పోయాడు. మూడో కాన్పుకి ఊరి ఆడవాళ్లు పిల్లని బొడ్డు కోసిన వెంటనే చాటలో పెట్టి, పెంటకుప్ప మీద దించారు. కృష్ణవేణమ్మ కుంచెడు తవుడు కొలిచి గౌరీశ్వరి ఒళ్లో పోసి, చాట ఎత్తుకుపోయింది. అమ్మేసిన బిడ్డ తల్లిది కాదు. తల్లిది కాని బిడ్డ జోలికి, ముందు బిడ్డల్ని మింగిన ఆ పాడుకళ్లు రావు. ఇంట్లో పిల్లని తవిటి అన్నారు. తవిటి కృష్ణవేణమ్మని అమ్మా అని, కన్నతల్లిని పిన్నీ అని పిలిచింది. ఆరోగ్య కార్యకర్త పుట్టుక రాసుకోవడానికి వచ్చి, "పిల్ల ఎవరిది?" అని అడిగినప్పుడు గౌరీశ్వరి నాదని ఎలా అంటుంది? గోడ పట్టుకుని నిలబడింది. కృష్ణవేణమ్మే "నాదే, రాసుకో తల్లీ" అంది.

అయిదో ఏట తవుడు తిరిగి కొలిచి పిల్లని వెనక్కి కొనుక్కోవాలి. కొనుక్కుందామనుకున్న వారమే పిల్లకి జ్వరం తగిలింది. గౌరీశ్వరి హడలిపోయి, "వద్దు, నీ కాడే ఉండనియ్ అత్తా" అంది. అప్పటి నుంచి ఏళ్లు గడిచాయి గాని తవుడు కొలవలేదు. ఈ జన్మలో ఒక్కసారైనా "నా పిల్ల" అన్నమాట గౌరీశ్వరి నోటి వెంట రాలేదు.

స్మిత రెండు చేతులతో తల పట్టుకుంది. "అమ్మడం, కొనడం అన్న మాటలు రేపు అక్కడ ఎత్తారో, వయసు పక్కకి పోయి పిల్లని అమ్ముకున్న కేసు మొదలవుతుంది."

"తవుడుకే కదమ్మా" అన్నాడు తిరుపతిరావు. "ఆవుదూడ కూడా రాదు."

"ఆ మాట అస్సలు అనకండి."

గౌరీశ్వరికి ఒకటే అర్థమైంది. తనని తల్లి అనే కాగితం పిల్లని ముంచుతుంది. పిల్లని ఒడ్డెక్కించే కాగితం తనని తల్లి కాదంటుంది. సరే, కాదననీ. యముడితో ఒకసారి నాది కాదని బొంకిన నోటికి ప్రభుత్వంతో ఇంకోసారి బొంకడం ఏం భారం?

"అత్త కూతురనే సెప్పండమ్మా" అంది. "పదకొండేళ్లు అనిపించండి, సాలు."

స్మిత కళ్లు కాగితం కింది వరసల మీదికి జారాయి. అక్కడ ఆగాయి. "తండ్రి... తిరుపతిరావు అని రాశారు."

తిరుపతిరావు తలుపు వైపు చూశాడు.

"ఏటన్నావు?" అంది కృష్ణవేణమ్మ. ఆమెకి అక్షరం రాదు. పదకొండేళ్లుగా ఆ కాగితాన్ని పసుపు రాసి దాచుకుంది.

"ఆ వేళ గుమ్మంలో నానే నిలబడ్డాను, సిన్నమ్మా" అన్నాడు తిరుపతిరావు, చెమటలు తుడుచుకుంటూ. "మొగోడి పేరేటని అడిగితే నా పేరు సెప్పేను. పిల్ల తండ్రిని కదా మరి."

"ఓలమ్మో! నా పెనిమిటి పోయి అప్పటికి ఆరేళ్లు! నలబయ్యారేళ్ల ముండని, నిన్ను ఎత్తుకు మోసిన దాన్ని, నీకు పిల్లని కన్నానని గవర్నమెంటు బుక్కులో రాయించేవేట్రా, దొంగసచ్చినోడా!" ఆమె ఏడవాలో తిట్టాలో తేల్చుకోలేక రెండూ చేసింది. బస్సులో రామనగుడ వచ్చేదాకా తిరుపతిరావు పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా నిలబడే వచ్చింది.

శుక్రవారం పొద్దున్నే కృష్ణవేణమ్మ చేతిలో గుడ్డసంచి, సంచిలోంచి కుంచం అంచు బయటికి పొడుచుకు కనిపించాయి. బోర్డు వరండాలో బెంచీ మీద కూర్చున్నాక కుంచం తీసి గౌరీశ్వరి ముందు పెట్టింది. సంచిలో తవుడుంది.

"కొలు."

"ఏటత్తా ఇది?"

"నా తవుడు నాకు కొలిచెయ్యి. నీ పిల్లని నువ్వు తీసుకో. లోపలి బోర్డు దొరసాని ముందు నాను కన్నానని ఒట్టేసి సెప్పలేను. కొన్నానంటే కేసంట, కన్నానంటే పరువంట. మరి నాకేటి మిగిలింది సెప్పు?"

"ఈ తవుడు కూడా నీదే కదా. నీ తవుడు నీకే ఎలగ కొలుస్తాను?"

"బాకీ ఇచ్చేననుకో. కొలు ముందు."

"ఇప్పుడొద్దత్తా! నీ కాడుంటేనే కదా పదకొండేళ్లు! నాకాడికొస్తే పన్నెండున్నర అయిపోద్ది!"

కృష్ణవేణమ్మ వినలేదు. గౌరీశ్వరి చెయ్యి పట్టుకుని సంచిలో ముంచింది. ఎత్తిన తవుడుతోనే ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. సగం ముసలామె ఒళ్లో పడింది, సగం నేలపాలైంది. కాపలావాడు ఒడియాలో కేకలు వేస్తూ చీపురుకోసం పరుగెత్తాడు. అప్పుడే గేటు దగ్గర జీపు ఆగింది. హోమ్ దీదీ చెయ్యి పట్టుకుని రోజారమణి దిగింది. తలకి నూనె రాసి గట్టిగా జడ వేశారు. ఎవరిదో పొడుగుపాటి గౌను వేశారు. దానిలో పిల్ల తొమ్మిదేళ్లదానిలా ఉంది. కళ్లు చూస్తే ఇరవై ఏళ్లదానిలా ఉంది. ఒళ్లో పడుతున్న తవుడు చూసింది. అది ఏమిటో ఊళ్లో పిల్లలందరికీ తెలిసినట్టే దానికీ తెలుసు.

గదిలో బల్ల వెనక ముగ్గురున్నారు. నడిమి మేడమ్ ముఖం కఠినంగా లేదు, అలసిపోయి ఉంది. రామ్‌ప్రసాద్ ఒక మూల నిలబడి తలగుడ్డ నలుపుతున్నాడు. మేడమ్ పిల్లని దగ్గరికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది. ఒడియాలో అడిగింది, స్మిత తెలుగులో చెప్పింది.

"మంట ఎందుకు పెట్టావమ్మా?"

"కందికాయలు కాల్సుకుందామని."

"కుప్పకి అంటుకుంటుందని తెలియదా?"

పిల్ల ఆలోచించింది. "అంటుకున్నాక తెలిసింది."

"మరి ఎవరినీ పిలవలేదేం?"

"సూసేను."

"ఏం చూశావు?"

"మంట. బాగుంది." మూలనున్న రామ్‌ప్రసాద్ వైపు చూసి, "రామ్‌ప్రసాద్ మావ నన్ను తౌడుకి అమ్మేసిన సరుకంటాడు. గట్టు కాడ అన్నాడు, అందరి ముందర. అప్పుడు కాదు. మొన్నెప్పుడో" అంది.

రామ్‌ప్రసాద్ నోరు తెరిచాడు. "ఎగతాళికన్నాను, మేడమ్. మా ఊళ్లో అందరూ అంటారు. నాను పిల్లని పట్టుకుపొమ్మనలేదు..."

కోపంతో పెట్టిందా, కాయల కోసం పెట్టిందా? మేడమ్ స్మిత వైపు చూసింది, స్మిత గౌరీశ్వరి వైపు చూసింది. గౌరీశ్వరి కూతురి ముఖంలో వెతికింది. ఏమీ దొరకలేదు. పిల్ల కూడా తనలో తను వెతుక్కుంటున్నట్టు నుదురు ముడిచి కూర్చుంది.

మేడమ్ బడి కాగితం కుడిచేత, పుట్టిన కాగితం ఎడమచేత పట్టుకుంది. ఒకదాన్ని చదివి, రెండోదాన్ని చదివి, "ఇయె కాహా ఝియ?" అంది. ఈమె ఎవరి కూతురు అని. సంతలో బేరమాడే ఒడియా చాలు ఆ మాట తెలియడానికి.

కృష్ణవేణమ్మ ఒళ్లో తవుడు మూటని గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుంది. తిరుపతిరావు పెళ్లాం వైపు చూశాడు. గౌరీశ్వరి లేచి నిలబడింది. తనదంటే ఏమవుతుందో? ఆ పాడుకళ్లు ఎక్కడో కాచుకునే ఉంటాయి కదా. అనకపోతే గేటు దగ్గర జీపు ఉంది.

"నాదే" అంది. "నా పిల్ల."

పిల్ల తల తిప్పి చూసింది.

"వయసు?"

గాలివాన. రేకులు లేచిపోతున్నాయి. గోడ పట్టుకుని పరుగెడుతోంది. చంకలో బిడ్డ. ఇన్నేళ్లూ ఆ బిడ్డ ముఖం చూడటానికి ఆమెకి ధైర్యం లేదు. ఇప్పుడు చూసింది. ముఖం కనిపించలేదు. చెయ్యి మాత్రం గుర్తుకొచ్చింది. జారిపోతున్న తడి ఒంటిని పట్టుకున్న చేతికి మొలతాడు తగిలింది. దానికి కట్టిన రాగి బిళ్ల అరచేతిలో గుచ్చుకుంది. తవిటికి ఎప్పుడూ మొలతాడు కట్టలేదు. అది మగబిడ్డ. వాడు. తన రెండోవాడు, ఆ దీపావళికి పోయినవాడు.

వాడు చంకలో ఉన్న గాలివాన ముందుది. కడుపుతో పరుగెత్తింది రెండోదానికి.

"పదకొండు" అంది గౌరీశ్వరి. ఏడుపు వచ్చింది. "ఆడు పోయిన మరుసటేడు పుట్టింది, అమ్మా. ఆడు పోయేకే ఇది."

ఎవరు పోయారో బల్ల వెనక ముగ్గురికీ తెలియదు. స్మిత ఏదో మెల్లగా చెప్పింది. తను వద్దన్న తవుడు సంగతి కూడా చెప్పక తప్పలేదు. ఒక కాగితంలో తల్లి నిజం, ఇంకో కాగితంలో ఏడాది నిజం అంది. మేడమ్ రెండు కాగితాల్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. అలాంటి బేరం ఆమె ఉద్యోగంలో ఎదురై ఉండదు. చివరికి ఏదో రాయించింది. బడి రిజిస్టరు, పుట్టుక రిజిస్టరు రెండూ తెప్పిస్తారు. ఆరోగ్య కార్యకర్తని పిలుస్తారు. పిల్లకి తెలిసి చేసిందో తెలియక చేసిందో ఒక డాక్టరు మాట్లాడి చెబుతారు. అంతవరకూ పిల్ల ఇంట్లోనే ఉంటుంది. తల్లిగా గౌరీశ్వరి సంతకం పెట్టింది. సాక్షిగా కృష్ణవేణమ్మ వేలిముద్ర వేసింది. కాగితం మీద వేలితోపాటు తవుడు పొడి కూడా అంటుకుంది.

"అంటే గెలిచేమా, ఓడేమా?" అన్నాడు తిరుపతిరావు బయటికొచ్చి.

"ఇంటికెళ్తున్నారు" అంది స్మిత. "ఇవాళ్టికి అంతే చెప్పగలను."

రామనగుడ మీదుగా పోయే గుణుపూర్ బస్సులో పిల్ల ఇద్దరి మధ్య కూర్చుంది. కృష్ణవేణమ్మని "అమ్మా" అనబోయి ఆగింది. గౌరీశ్వరిని "పిన్నీ" అనబోయి మళ్లీ ఆగింది. చివరికి ఎవరినీ పిలవకుండా, "మరి నానిప్పుడు ఎవుల పిల్లని?" అంది.

"నోరు ముయ్యే, తవిటీ" అంది కృష్ణవేణమ్మ, కళ్లొత్తుకుంటూ. "ఇద్దరం ఉన్నాం, సాలదేటి?"

సంచిలోని తవుడు కుదుపుకి లేచి ముక్కులో పడింది. పిల్ల తుమ్మింది. గౌరీశ్వరి చెయ్యి వెంటనే పిల్ల నుదుటి మీదికి వెళ్లింది. వేడి లేదు. అయినా చెయ్యి తియ్యలేదు.

కండక్టరు వచ్చాడు. "పిల్లకి ఎన్నేళ్లు? పన్నెండు దాటితే ఫుల్లు."

"ఫుల్లే కొట్టు" అన్నాడు తిరుపతిరావు వెనక సీట్లోంచి, అలవాటు కొద్దీ. "ఇంకా తేలలేదు, బావూ. తగువెందుకు."

"నీ మొకం, హాఫు!" అంది కృష్ణవేణమ్మ.

"ముగ్గురూ తేల్సుకోండి. నేను గుణుపూర్ దాకా ఉంటాను" అన్నాడు కండక్టరు.

గౌరీశ్వరి పిల్ల నుదుటి మీది చెయ్యి తియ్యకుండానే రెండో చేత్తో కొంగుముడి విప్పింది.

"నా పిల్ల, బావూ. పదకొండు. హాఫే కొట్టు."